సముద్రపుటొడ్డున అద్దె బంగళా

ఆఫ్రికా ఖండానికి తూర్పున మడగాస్కర్ అనే పెద్ద ద్వీపం ఉన్నది. అక్కడి నుంచి ఇంకా ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు తూర్పుగా పోతే, పటంలో ఆవగింజంత చుక్క ఒకటి కనిపిస్తుంది. అదే మారిషస్ ద్వీపం. పొడుగు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45.

ఈ ద్వీపంలో సముద్రపుటొడ్డున ఉండే విడిది బంగళాలను అక్కడివాళ్ళు "కాంప్‌మాఁ" అంటారు. ఇది ఫ్రెంచి మాట. గుడారాలు వేసుకుని దిగిన చోటు అని దీనికి అసలు అర్థం. మారిషస్ నడిమి భాగం మిట్టగా ఉంటుంది. క్యూర్‌పీప్ వంటి ఊళ్ళు ఆ మిట్టమీదనే ఉన్నాయి. అక్కడ చలికాలంలో ఒకటే ముసురు. అందుచేత పూర్వం కాస్త కలిగినవాళ్ళు, పిల్లలకు సెలవులు ఇవ్వగానే, వంటసామాను మూటలు కట్టుకుని సముద్రం ఒడ్డుకు దిగి వచ్చేవాళ్ళు. చెరుకాకు కప్పిన పాకల్లో కొన్నాళ్ళు ఉండి, చేపలు పట్టుకుని, ఎండ కాచుకుని తిరిగి వెళ్ళేవాళ్ళు. ఆ పాకలే క్రమంగా బంగళాలయినాయి. 1960 ఫిబ్రవరిలో కరోల్ అనే తుఫాను వచ్చి ద్వీపంలోని పాకలనూ కొయ్య ఇళ్ళనూ వేలకొద్దీ పడగొట్టింది. ఆ తరవాత కట్టినవన్నీ దాదాపు సిమెంటు ఇళ్ళే. ఇల్లు మారింది గాని పేరు మారలేదు.

2023లో దసరా సెలవులకు నేనూ, మా చెల్లెలూ, దాని పిల్లలిద్దరూ కలిసి అలాంటి బంగళా ఒకటి వారం రోజులకు అద్దెకు తీసుకున్నాం. మేనకోడలికి పదకొండేళ్ళు, మేనల్లుడికి ఎనిమిది. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నది గనక అక్కడ కాలాలు మనకు తలకిందులు. మనకు చలి మొదలయ్యే ముందు వాళ్ళకు చలి తగ్గి ఎండలు మొదలవుతాయి. తుఫానుల కాలం నవంబరులో గాని రాదు. కనక అక్టోబరు అందుకు మంచి అదను.

మేము దిగిన చోటు ద్వీపానికి ఆగ్నేయపు మూల. ప్వాంత్ దెస్నీ అని పిలుస్తారు. పక్కనే మాయేబూర్ అనే పాత పట్నం. 1810 ఆగస్టులో ఇంగ్లీషు ఓడలకూ ఫ్రెంచి ఓడలకూ యుద్ధం జరిగినదీ, ఫ్రెంచివాళ్ళు గెలిచినదీ ఈ పట్నం ఎదుటి సముద్రంలోనే. ఐతే ఏం లాభం? అదే సంవత్సరం డిసెంబరులో ఇంగ్లీషువాళ్ళు వేరే దారిన వచ్చి ద్వీపాన్ని మొత్తంగా పట్టుకున్నారు.

బంగళాను అద్దెకు తీసుకోవటమంటే హోటల్లో గది తీసుకోవటం లాంటిది కాదు, పిల్లలూ. హోటల్లో మనం అతిథులం. ఇక్కడ వారం రోజులపాటు మనమే గృహస్థులం. ముందుగా ఒప్పందపు కాగితం రాసుకున్నాం. ఎందరు ఉంటారు, ఏ రోజు ఏ గంటకు వస్తారు, ఏ గంటకు ఖాళీ చేస్తారు, దుప్పట్లు ఎవరివి, వంట ఎవరిది, కరెంటు అద్దెలో కలిసిందా లేదా, అన్నీ అందులో ఉన్నాయి. కొంత పైకం బయానాగా ఇచ్చాం. సామాను ఏదైనా పాడైతే పట్టుకోవటానికి మరి కొంత డబ్బు అట్టిపెట్టుకున్నారు. మనుషులకు అద్దెకిచ్చే ఇంటికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతిపత్రం కూడా ఉండాలి. మా చెల్లెలు ముందు దాన్ని చూసిన తరవాతనే డబ్బు పంపింది. అది అన్ని విషయాల్లోనూ నాకన్నా జాగ్రత్త మనిషి.

ఇంటి తాళాలు ఇచ్చింది ఇంటి యజమాని కాదు, ఇల్లు కనిపెట్టుకుని ఉండే ఒక పెద్దావిడ. ఆవిడకు డెబ్భై ఏళ్ళు ఉంటాయి. తెల్లని పొట్టి జుట్టు, పువ్వుల గౌను. చేతిలో అట్ట వేసిన పుస్తకం. అందులోంచి ఒక్కొక్క వస్తువూ చదువుతూ మాచేత లెక్క పెట్టించింది. పెద్ద చెంచాలు పన్నెండు, చిన్నవి పన్నెండు, గాజు గ్లాసులు పది, కొబ్బరికోరాము ఒకటి. చిన్న చెంచాలు పదకొండే వచ్చాయి. ఆవిడ కదలలేదు. చివరకు పన్నెండోది పంచదార డబ్బాలో దొరికింది.

ఇల్లు పెద్దదేమీ కాదు. మూడు పడకగదులు, వంటిల్లు, సముద్రం వైపు పొడుగాటి వసారా. ఆ వసారాను వాళ్ళు "వరాఁగ్" అంటారు. అసలు కాపురమంతా అందులోనే. తిండి అక్కడే, కబుర్లు అక్కడే, మధ్యాహ్నం కునుకు అక్కడే. ఇంటి కప్పుమీద నీళ్ళతొట్టి, పక్కన ఎండకు నీళ్ళు కాగే పరికరం. కిటికీలకు దోమతెరలు. గోడమీద మాత్రం ఒక వింత ప్రాణి కనిపించింది: పచ్చని ఒళ్ళు, దానిమీద ఎర్రని మచ్చలు. అది బల్లి! మన బల్లులు రాత్రి తిరిగితే ఇవి పట్టపగలు ఎండలో తిరుగుతాయి. మా మేనల్లుడు దాన్ని చూడగానే జామ్ సీసా మూత తీసి పెట్టాడు. ఈ బల్లులకు తీపి ఇష్టమని అప్పటికే ఎక్కడో చదివాడుట. నిజమే, పూలలోని తేనె నాకటం వాటికి అలవాటు.

ఉదయం ఏడింటికి రొట్టెలబ్బాయి మోటారు సైకిలుమీద బూరా ఊదుకుంటూ వచ్చేవాడు. మాయేబూర్ బజారులో "ఢోల్ పూరీ" అమ్ముతారు. పప్పు ఉడకబెట్టి పొడిచేసి, ఆ పొడి లోపల కూరి, పల్చగా ఒత్తి పెనంమీద కాలుస్తారు. బెల్లం వెయ్యటం మరిచిపోయిన బొబ్బట్టు అనుకోండి. దానిలో కూర, పచ్చడి పెట్టి చుట్టి ఇస్తారు. అలాగే "గాతో పిమాఁ" అనే ఫ్రెంచి పేరుగల తినుబండారం కొని తెచ్చి, పొట్లం విప్పి చూద్దుము గదా, అచ్చం మన పప్పు వడ!

ఇంటి వసారా మెట్లు దిగితే తెల్లని ఇసుక. దాని తరవాత చెరువులాగా కదలని నీళ్ళు. వాటి రంగు దగ్గర లేతాకుపచ్చ, కొంచెం ముందుకు పోతే నీలం. ఇంకా దూరాన, కిలోమీటరుకు అటూ ఇటూగా, తెల్లని నురగ గీత. సముద్రపు కెరటాలన్నీ ఆ గీత దగ్గర విరిగిపోతాయి. ఆ హోరు పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది గాని, కెరటం మాత్రం ఒడ్డుకు రాదు.

ఎందుచేత? అక్కడ నీళ్ళ కింద పగడపు గట్టు ఉన్నది. పగడం రాయిలాగా కనిపిస్తుంది గాని అది చిన్న చిన్న జీవులు కట్టుకున్న ఇల్లు. గుండుసూది తలంత జీవులు కూడా సముద్రపు నీటిలోంచి సున్నం తీసుకుని తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి. ఒకటి చచ్చిపోతే దాని గూటిమీద మరొకటి కడుతుంది. ఇలా వేల ఏళ్ళు కట్టగా కట్టగా ద్వీపం చుట్టూ కోటగోడ ఏర్పడింది. ఈ గోడకు అక్కడక్కడ గండ్లు ఉన్నాయి. అవి చాలావరకు ఏరు సముద్రంలో కలిసే చోటికి ఎదురుగానే ఉంటాయి. మంచినీళ్ళూ బురదా పగడపు జీవులకు గిట్టవు. కనక అక్కడ గోడ లేవదు. పడవలు ఆ గండ్లలోంచే వస్తూ పోతూ ఉంటాయి. ద్వీపానికి దక్షిణాన గ్రీ-గ్రీ అనే చోట గట్టు దాదాపు లేనే లేదు. అక్కడ కెరటాలు నేరుగా వచ్చి నల్లరాతి కొండలను బాదుతూ ఉంటాయి. అక్కడ ఎవరూ ఈదరాదు. 1836లో చార్లెస్ డార్విన్ అనే శాస్త్రజ్ఞుడు బీగిల్ ఓడలో ఈ ద్వీపానికి వచ్చి కొద్దిరోజులు ఉన్నాడు. పగడపు గట్లు ఎలా ఏర్పడతాయో చెబుతూ 1842లో ఆయన ఒక పుస్తకమే ప్రచురించాడు.

మా మేనకోడలికి ఇంకో సందేహం వచ్చింది. "మామయ్యా, ఈ దీవి అగ్నిపర్వతంలోంచి పుట్టిందని చెప్పావు. రాళ్ళన్నీ నల్లగానే ఉన్నాయి. మరి ఇసుక తెల్లగా ఎందుకున్నది?"

మంచి ప్రశ్న. ఆ ఇసుక నల్లరాతి పొడి కాదు. పగడాల ముక్కలూ గవ్వల ముక్కలూ అరిగి ఇసుక అయినాయి. ఈ పనిలో చిలుకచేప అనే చేపది పెద్ద చెయ్యి. దాని నోరు చిలుక ముక్కులాగే ఉంటుంది. పగడపు రాయిమీద పెరిగే నాచుకోసం రాయినే కొరికి, గొంతులో ఉన్న పళ్ళతో పిండి చేసి, నాచు అరిగించుకుని, మిగతాది ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చిలుకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారుచెయ్యగలదు. ఈ సంగతి చెప్పిన తరవాత మా వాడు ఇసుకలో కూచోవటానికి పూట సేపు వెనకాడాడు.

నీళ్ళలోకి దిగే ముందు పెద్దావిడ పిల్లల చేత రబ్బరు బూట్లు వేయించింది. ఈ నీళ్ళలో "లాఫ్" అనే రాతిచేప ఉంటుంది. నాచు పట్టిన రాయిలాగా కదలకుండా పడి ఉంటుంది. దాని వీపుమీద విషపు ముళ్ళు ఉంటాయి. తొక్కితే ప్రాణం పోయినంత బాధ. అలా జరిగితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. బూట్ల అడుగు దళసరిగా ఉంటేనే మేలు.

ఆదివారం వచ్చింది. పొద్దున తొమ్మిదింటికల్లా మా బంగళా ఎదుట ఇసుకమీద రెండు మూడు కుటుంబాలవాళ్ళు చాపలు పరిచేశారు. వంటపాత్రలు దింపారు. ఒకాయన "రవాన్" అనే మేకతోలు వాద్యాన్ని ఎండుటాకుల మంట దగ్గర కాచి బిగువెక్కించాడు. తరవాత సేగా పాటలు, నాట్యాలు. మా మేనల్లుడికి కోపం వచ్చింది.

"మామయ్యా, డబ్బిచ్చింది మనం కదా! వాళ్ళెందుకు కూచున్నారు?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా పెద్దావిడ వాణ్ణి చెయ్యి పట్టుకుని కింది మెట్టు దగ్గరకు తీసుకుపోయింది.

"బాబూ, మీరు అద్దె ఇచ్చింది ఇంటికి. ఇసుక ఇంట్లో లేదు కదా?" అన్నది.

తరవాత ఆవిడ చెప్పిన సంగతి నాకూ కొత్తే. ఫ్రెంచివాళ్ళు ఏలే రోజుల్లో, శత్రువులు వస్తే ఫిరంగులు పెట్టుకోవటానికని, ద్వీపం చుట్టూ సముద్రం అంచున యాభై అంగల వెడల్పుగల పట్టీని ప్రభుత్వం తన కింద ఉంచుకున్నది. అప్పటి అంగ అంటే అయిదు ఫ్రెంచి అడుగులు. మొత్తం 250 అడుగులు, మన లెక్కలో 81 మీటర్ల పైచిలుకు. ఫిరంగులు పోయినాయి గాని చట్టం ఉండిపోయింది. ఇప్పటికీ ఆ పట్టీ చాలాచోట్ల ప్రభుత్వానిదే. బంగళాల వాళ్ళు దాన్ని కౌలుకు తీసుకుంటారు. అంటే, మేము అద్దెకున్న ఇంటి యజమాని కూడా ఒక విధంగా అద్దెవాడే! పోటు నీరు వచ్చే గీతకు కిందుగా ఉన్న ఇసుక మాత్రం ఎవరికీ కౌలుకు ఇవ్వరు. అది జనానిది.

ఇంత చెప్పినా మావాడి ముఖం వికసించలేదు. ఐతే మధ్యాహ్నం ఆ కుటుంబాలవాళ్ళు వాడికి రవాన్ వాయించటం నేర్పి, అరిటాకులో కూర, అన్నం పెట్టేసరికి పేచీ తీరిపోయింది. నా మటుకు ఈ చట్టం చాలా మంచిదనే తోచింది. చుట్టూ సముద్రమే ఉన్న దేశంలో సముద్రం చూడటానికి దారి లేకపోతే ఇంకేం మిగులుతుంది?

సాయంత్రం పెద్దావిడ వసారాలో కూచుని గొంతు తగ్గించి ఏదో పాడుకోసాగింది. మా చెల్లెలు చెవి ఒగ్గి విని ఉలిక్కిపడింది. అది రామభజన! తెలుగు మాటలు! ఆవిడ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి వచ్చాడుట. ఆవిడకు తెలుగులో మాట్లాడటం రాదు. క్రియోల్, ఫ్రెంచి, కాస్త హిందీ వచ్చు. పాటలు మాత్రం కంఠతా వచ్చు. సింహాద్రి అప్పన్న పూజ మాత్రం ఏటా తప్పదన్నది. ఆ క్షణం నుంచి పిల్లలు ఆవిడను "అమ్మమ్మా" అని పిలవసాగారు.

మనవాళ్ళు అక్కడికి ఎలా చేరారో తెలుసా? ఇంగ్లీషువాళ్ళు బానిసలను విడిపించిన తరవాత చెరుకుతోటల్లో పనిచెయ్యటానికి మనుషులు కావలసివచ్చారు. 1834 నుంచి మన దేశం నుంచి కూలీలను ఒప్పందం మీద ఓడల్లో తీసుకుపోసాగారు. తెలుగువాళ్ళు చాలామంది కాకినాడ దగ్గర కోరంగి రేవున ఓడ ఎక్కారు. అందుచేత అక్కడ తెలుగువాళ్ళకు "కోరంగీలు" అని పేరు వచ్చింది. వాళ్ళు దిగిన మెట్లు రాజధాని పోర్ట్ లూయీలో ఇప్పటికీ ఉన్నాయి. ఉగాది అక్కడ సెలవురోజు.

కోరంగి పేరు చెప్పగానే నాకు మరొకటి జ్ఞాపకం వచ్చింది. 1839 నవంబరులో తుఫాను వచ్చి ఆ రేవును ఉప్పెన ముంచివేసింది. మారిషస్‌కూ తుఫానులు బాగా ఎరుకే. 1845 ఫిబ్రవరిలో మారిషస్ నుంచి బయలుదేరిన "చార్లెస్ హెడిల్" అనే ఓడ తుఫానులో చిక్కి, రోజుల తరబడి గాలి తోసినట్టల్లా పరిగెత్తి, చివరకు చూసుకుంటే గానుగెద్దులాగా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఆ ఓడ దినచర్య పుస్తకం చదివి, తుఫాను గాలి చుట్టలాగా తిరుగుతుందని రుజువు చూపాడు. 1848లో ఆయనే దానికి పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాటనుంచి "సైక్లోన్" అని పేరు పెట్టాడు. ఈ రోజుల్లో మారిషస్‌లో తుఫాను హెచ్చరికలను ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లుగా చెబుతారు. నాలుగో హెచ్చరిక వస్తే ఇల్లు కదలరాదు. మా బంగళా కిటికీలకు ఇనప రెక్కలు ఉన్నది అందుకే.

ఐతే పెద్దావిడ బాగా భయపడింది తుఫానుకు కాదు. 2020 జూలై 25న వకాషియో అనే పెద్ద సరుకుల ఓడ ఈ ప్వాంత్ దెస్నీ ఎదుటనే పగడపు గట్టుమీదికి ఎక్కి చిక్కుకుపోయింది. ఓడలో సరుకు లేదు గాని యంత్రానికి కావలసిన నూనె సుమారు నాలుగు వేల టన్నులు ఉన్నది. పన్నెండు రోజులు ఓడ అలాగే ఉన్నది. ఆగస్టు 6న దాని పొట్ట చిరిగి నల్లని నూనె బయటికి వచ్చింది. సుమారు వెయ్యి టన్నులు నీళ్ళలో కలిసింది.

"తెల్లవారి చూస్తే నీళ్ళు తారులాగా ఉన్నాయి. ఇంట్లో కూచున్నా కళ్ళు మండాయి," అన్నది ఆవిడ.

అప్పుడు జనం ఒకరు చెప్పకుండానే కదిలారు. అది చెరుకు నరికే కాలం. పొలాల్లో చెరుకాకు కావలసినంత ఉన్నది. మాయేబూర్ ఒడ్డున ఆడవాళ్ళూ మగవాళ్ళూ పిల్లలూ చేరి, గుడ్డతో పొడుగాటి గొట్టాలు కుట్టి, వాటిలో చెరుకాకు కూరి, తేలటానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. వాటిని నీళ్ళమీద కొండచిలువల్లాగా పరిచి నూనెను అడ్డగించారు. ఎదుట ఉన్న ఈల్ ఓజెగ్రెత్ అనే చిన్న దీవిలో మరెక్కడా లేని మొక్కలూ పక్షులూ ఉన్నాయి. కొన్నిటిని అక్కడ నుంచి తీసి పదిలమైన చోట ఉంచారు. ఓడలో మిగిలిన నూనెను తోడేశారు. ఆగస్టు 15న ఓడ రెండుగా విరిగింది. మా పెద్దావిడ రెండు రాత్రులు కుట్టుమిషను దగ్గరనుంచి లేవలేదట.

మేమూ ఆ చిన్న దీవికి వెళ్ళాం. అక్కడ పెద్ద తాబేళ్ళు స్వేచ్ఛగా తిరుగుతాయి. గులాబిరంగు పావురాలు కూడా చూశాం. 1990 ప్రాంతాల అడవిలో అవి పది దాకా మాత్రమే మిగిలి ఉండేవి. శాస్త్రజ్ఞులు గూళ్ళలో పెంచి వదలగా ఇప్పుడు వందల్లో ఉన్నాయి. డోడో పక్షికి అలాంటి అదృష్టం లేకపోయింది. అది పదిహేడో శతాబ్దంలోనే అంతరించింది.

పగడానికి వచ్చే ఆపద నూనె ఒక్కటే కాదు. సముద్రం వేడెక్కితే పగడపు జీవులు తమలో ఉండే సన్నని నాచును వెళ్ళగొట్టి తెల్లబడిపోతాయి. ఆ నాచే వాటికి తిండి పెట్టేది. వేడి త్వరగా తగ్గకపోతే చచ్చిపోతాయి. గట్టు చస్తే కెరటాన్ని ఆపేవాడూ ఉండడు, ఇసుక తయారుచేసేవాడూ ఉండడు. దానికి తోడు మారిషస్‌లో ఇళ్ళు కట్టటానికి ఈ నీళ్ళలోంచే ఇసుక ఏళ్ళ తరబడి తవ్వారు. 2001లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కొందరు బంగళాల వాళ్ళు తమ ఇల్లు కాపాడుకోవటానికి నీటి అంచున రాతిగోడ కడతారు. కెరటం గోడను కొట్టి వెనక్కి మళ్ళేటప్పుడు గోడ ముందరి ఇసుకనూ, గోడ చివర పక్కవాడి ఇసుకనూ కూడా లాక్కుపోతుంది. గోడ మిగులుతుంది, ఇసుక మిగలదు!

ఇదంతా పిల్లలకు అంత బాగా ఎక్కలేదు గాని, పెద్దావిడ చెప్పిన ఒక చిన్న లెక్క ఎక్కింది. ఆవిడ ఈ ఇంట్లో పనికి కుదిరిన రోజుల్లో, కింది మెట్టు నుంచి పోటు నీటి గీతదాకా ఆవిడ అంగలు యాభై రెండు ఉండేవి. సరుగుడు చెట్లు రెండు వరసలు ఉండేవి. మొదటి వరస ఎప్పుడో పడిపోయింది. ఇప్పుడు అంగలు ముప్ఫై.

"పోటు ఎక్కువైతే మారుతుంది కదా?" అని మేనకోడలు అడిగింది. అదీ నిజమే. ఐతే ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా అరమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అందుచేత వాళ్ళు రోజూ పోటు సమయం చూసుకుని, ఎండిన నాచు వరస పడి ఉన్న గీతదాకా లెక్క పెట్టసాగారు. మావాడికి మొదటిరోజు నలభై ఆరు వచ్చాయి, రెండోరోజు నలభై ఒకటి. నీళ్ళు వెనక్కిపోలేదు, ముందుకూ రాలేదు, వాడే అంగలు పెద్దవి వేశాడని అక్కయ్య పట్టేసింది. ఇద్దరూ పోట్లాడుకున్నారు. చివరకు ఒక తాడు తెచ్చి, మీటరుకొక ముడి వేసి దాంతో కొలిచారు.

బంగళాలో దిగినవాళ్ళు తమకు తోచింది రాయటానికి ఒక పుస్తకం ఉన్నది. చాలామంది అందులో గాలి బాగుంది, చేప రుచిగా ఉంది అని రాశారు. బయలుదేరే రోజు పొద్దున పెద్దావిడ చెంచాలు లెక్క పెట్టుకుంటూ ఉండగా, మావాడు ఆ పుస్తకంలో ఒక పేజీకి గీతలు గీసి, తారీఖులు వేసి, కింది మెట్టు నుంచి నాచు గీతదాకా ఏ రోజు ఎన్ని ముడులో రాశాడు. మొదటి గడిలో పద్ధెనిమిది, రెండో గడిలోనూ పద్ధెనిమిది, చివరి గడిలో పద్ధెనిమిదిన్నర. మిగిలిన గడులు ఖాళీగా వదిలాడు. ముడుల తాడు చుట్టచుట్టి, పెద్దావిడ అనుమతితో, వసారాలో టోపీలు తగిలించే మేకుకు వేలాడదీశాడు. ఆవిడ అట్ట పుస్తకం తెరిచి సామాను జాబితాలో చివర ఒక పంక్తి కలిపింది: "తాడు, ఒకటి."